ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో పంచాయితీ

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు, ఇంటి ఆనవాళ్లు తీసేసి, కుదించి ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఏడేళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తది హైదరాబాద్‌లో ఉద్యోగం. శుక్రవారం రాత్రి కాజీపేటలో రైలు దిగి ఇంటికి చేరేసరికి పదకొండు దాటుతుంది. సోమవారం చీకటితోనే మళ్లీ స్టేషన్‌కు. పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి. పోయిన ఆషాఢంలో అత్తమ్మ చనిపోయారు. పరకాల దిక్కు పల్లెలో మామయ్య ఒక్కరే ఉండలేరని దసరా తర్వాత హనుమకొండ తెచ్చుకున్నారు. నలభై ఏళ్లు మిరప వేసిన రైతు. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు మూడో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకొని, కింద పోయే బండ్లను చూస్తూ కూర్చుంటున్నారు.

"వారమంతా ఎట్లనో గడుస్తుంది మేడమ్. ఆదివారం అంటేనే భయం" అని రాశారామె. ఇంట్లో ఉండేదే రెండు రోజులు కాబట్టి అందరం కలిసి బయటికి పోవాల్సిందే అంటాడు భర్త. ఒక వారం మాల్ అంటాడు, ఒక వారం కారు మాట్లాడుకొని లక్నవరం చెరువుకు పోదామంటాడు. పాప ఫోన్ పట్టుకొని "నేను రాను" అంటుంది. బాబుకు ఎప్పుడూ జూనే. మామయ్య "నేనెందుకు బిడ్డా, మీరు పోయిరాండ్రి" అంటారు. నిజంగానే వదిలేసి పోతే ఆ రాత్రి సరిగా అన్నం తినరు. పైగా ఏడాది నిండలేదు కాబట్టి గుడి గడప తొక్కరు. "ఈ ఊళ్లో గుడి కాక ఇంకేముంది చూడటానికి?" అని ఆమె ప్రశ్న. టిఫిన్ కట్టడం, నీళ్ల సీసాలు, బట్టలు, ఆటో, అన్నీ ఆమెవే. బాగా జరిగితే ఎవరూ ఏమీ అనరు. చెడితే మాత్రం "నువ్వే కదా అక్కడికన్నావు" అంటారు.

మొన్నటి ఆదివారం భద్రకాళి చెరువు కట్ట మీదికి బయలుదేరేసరికే పదకొండు. ఎండకు బాబు వాంతి చేసుకున్నాడు. తిరిగి వస్తూ ఆటోలో తండ్రీకూతుళ్లు పోట్లాడుకున్నారు. ఆ పూట ఎవరూ భోంచేయలేదు.

మరో రెండు సంగతులు కూడా ఉన్నాయి ఉత్తరంలో. సంక్రాంతి రోజుల్లో మామయ్య చాయ్ తాగొస్తానని చౌరస్తా దాకా పోయి, తిరిగి సందు గుర్తు పట్టలేక రెండు గంటలు తిరిగారు. చివరికి పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేయి పట్టుకొని తెచ్చాడు. ఆ రోజు నుంచి ఒంటరిగా పంపొద్దని భర్త ఆర్డరు. రెండోది చివరి పేజీలో, బ్రాకెట్లో రాశారు: "మొన్న రంజన్ కుండ కొనడానికి మామయ్యకు పాపను తోడిచ్చి పంపితే గంటన్నరకు వచ్చారు మేడమ్, ఏదో చెప్పుకొని నవ్వుకుంటూ. ఆలస్యమైందని నేనే కోప్పడ్డాను."

అడిగింది ఇదీ: "ఎండలు ముదిరే లోపల ఈ నాలుగైదు ఆదివారాలైనా ఇంటిల్లిపాదీ సంతోషంగా తిరిగేలా, మా చుట్టుపక్కల ఏమేం చూడొచ్చో ఒక లిస్టు రాసివ్వండి. నాకంటూ ఏమీ వద్దు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే చాలు."

సమాధానం

లిస్టు ఇస్తాను తల్లీ. నేనూ ఈ ఊళ్లోనే ముప్పై ఏళ్లుగా ఉంటున్నదాన్ని, లిస్టుకేం కొదవ లేదు. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాక అనిపించింది, లిస్టు చేతికిస్తే మీ మీద ఇంకో పని పడుతుందని. అందులోంచి ఏరడం, అందరినీ ఒప్పించడం, టిఫిన్ కట్టడం, చివరికి మాట పడటం, అన్నీ మళ్లీ మీరే కదా. అందుకే ముందు మొన్నటి ఆదివారం సంగతి మాట్లాడుకుందాం.

భద్రకాళి కట్ట తప్పేమీ లేదు. మన దగ్గర ఫాల్గుణంలో, చైత్రంలో వసంతమనేది పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకానే. ఆ తర్వాత ఉండేది ఎండాకాలం. మళ్లీ సాయంత్రం ఐదున్నర దాటాక కొంచెం మిగిలి ఉంటుంది. మీరు పదకొండింటికి ఎందుకు బయలుదేరారు? రాత్రి పదకొండింటికి ఇల్లు చేరే మనిషి శనివారం ఒక్కరోజు నిద్రతో తేరుకోడు, ఆదివారమూ తొమ్మిదికి గానీ లేవడు. అందరం కలిసే పోవాలన్నారు కాబట్టి మిగతా నలుగురూ ఆయన లేచేదాకా ఆగారు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచే రైతు, ఆరింటికే మంచం మీద గంతులేసే ఏడేళ్ల పిల్లవాడు, ఇద్దరూ చల్లటి పూటంతా ఇంట్లో కూర్చొని ఎండపూట రోడ్డెక్కారు. వాంతి కాక ఇంకేమవుతుంది?

కాబట్టి నా మొదటి మాట: ఐదుగురూ ఒకేసారి, ఒకే చోటికి పోవాలన్న పట్టు వదిలి చూడండి. ఏడేళ్ల నుంచి డెబ్బై ఒకటి దాకా ఉన్న ఇంట్లో అందరికీ నచ్చే చోటు ఏ ఊళ్లోనూ ఉండదు. మీ ఇంట్లో కలిసొచ్చే జతలు వేరే ఉన్నాయి. అందులో ఒకటి మీరు బ్రాకెట్లో పెట్టారు.

ఆ రంజన్ కథ నాకు వదలబుద్ధి కావడం లేదు. గంటన్నర ఏం చేసి ఉంటారు? నాకు తెలిసినంతలో చెప్తాను. మీ మామయ్య మొదటి కుండ దగ్గరే ఆగి ఉండరు. ఒక్కో రంజన్‌నూ వంచి, వేలి కణుపుతో కొట్టి చూసి ఉంటారు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే ఎక్కడో సన్నటి బీట ఉన్నట్టు. పాపతో కూడా కొట్టించి ఉంటారు, "విను, తేడా విను" అని. తర్వాత బేరం. బేరం మధ్యలో ఆ కుమ్మరాయన ఊరేదో తెలిసి, ఇద్దరికీ తెలిసిన చుట్టం ఒకరు దొరికి ఉంటారు. ఐదు నెలలుగా బండ్లు లెక్కపెడుతూ కూర్చున్న మనిషికి తనకు బాగా తెలిసిన పని ఒకటి ఎదురుపడింది. ఫోన్ వదలని పిల్లకు తాతలో కొత్త మనిషి కనబడ్డాడు. మీరు కోప్పడ్డందుకు బాధపడకండి, ఆ గంటన్నరా మీకు సంక్రాంతి నాటి భయమే గుర్తొచ్చి ఉంటుంది. అయితే పాపను ఒక్కసారి అడగండి, ఏం చెప్పుకొని నవ్వారో. చెప్పకపోతే వదిలేయండి, అది వాళ్లిద్దరి మధ్య మాట.

ఇక దారి తప్పిన విషయం. మీ ఆయన భయం అర్థమవుతోంది, తల్లి పోయి ఏడాది కాలేదు. కానీ ఒక్కసారి సందు తప్పినంత మాత్రాన మతిమరుపు జబ్బు అనుకోవద్దు. ఊళ్లో దారి చెప్పేవి వేపచెట్టు, బొడ్రాయి, చేదబావి. మీ వీధిలో అన్నీ ఒకే రంగు గేట్లు, ఒకేలాంటి మూడంతస్తులు. నేనే కొత్తలో ఒకసారి పక్క బిల్డింగు మెట్లెక్కి ఎవరింటి తలుపో కొట్టాను.

అడిగిందే పదేపదే అడగడం, తెలిసిన మనుషుల పేర్లు తడబడటం, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం, డబ్బు లెక్కలో తికమక, ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. కనిపించకపోయినా ఒకసారి చూపించడం మంచిదే. చూపు మందగించినా, బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా, భార్య పోయిన దిగులు లోపల ఉన్నా మనిషి మరుపు పడ్డట్టే కనిపిస్తాడు. వీటిలో చాలా వాటికి మందుంది. రాత్రి అన్నం తినకపోవడం కూడా అలకే అనుకోకుండా డాక్టరుకు చెప్పండి.

అంతా బాగుందంటే ఆ ఆర్డరును కొంచెం సడలించాలి. పూర్తిగా ఎత్తేస్తే మీ ఆయనకు హైదరాబాద్‌లో నిద్ర పట్టదు. అలాగే ఉంచేస్తే మామయ్య ఇంకా ముడుచుకుపోతారు, కాళ్లలో సత్తువ కూడా పోతుంది. మధ్యలో ఒక దారి ఉంది. రెండు వారాలు ఎవరో ఒకరు తోడుండి ఒకే దారిలో, ఒకే చాయ్ హోటల్ దాకా నడిపించండి. మలుపు దగ్గర ఆయనకు తోచిన గుర్తు ఆయన్నే చెప్పమనండి. చొక్కా జేబులో మీ ఫోన్ నంబరు చీటీ. తర్వాత ఒంటరిగా, పొద్దుటిపూట మాత్రమే. ఆ చాయ్ హోటల్ ఆయనతో మీరొక మాట చెప్పి పెడితే ఇంకా ధైర్యం.

ఇప్పుడు లిస్టు. గుళ్లు పక్కన పెడితే ఈ ఊళ్లో ఏముందన్నారు కదా.

చౌరస్తా దగ్గర్లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది. 1904లో పుట్టిన గ్రంథాలయం. నిజాం పాలనలో తెలుగు చదువుకు చోటు దొరకని రోజుల్లో ఈ ఊరివాళ్లు కట్టుకున్నది. మీ మామయ్య చదువుకున్నారో లేదో మీరు రాయలేదు. పేపరు చదివే అలవాటుంటే ఆయన్ను ఒకసారి అక్కడికి తీసుకుపోండి. తన వయసువాళ్ల మధ్య కూర్చొని పేపరు తిరగేయడం వేరు, మీ బాల్కనీ వేరు. చదువు రాకపోతే ఇది ఆయనకు పనికిరాదు, బలవంతం చేస్తే చిన్నబుచ్చినట్టవుతుంది. అప్పుడు పాపను పంపండి, ఆదివారం తెరిచే వేళలు కనుక్కొని.

ఖిలా వరంగల్‌కు మాత్రం తప్పకుండా పోవాలంటాను. ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, మధ్యలో కూలిన గుడి రాళ్లు నేల మీద పరిచినట్టు ఉంటాయి. సర్కారు ముద్ర మీద కనిపించే తోరణం ఇదేనని బాబుకు చెప్పండి. పైన చెక్కిన హంసలను లెక్కపెట్టమనండి, అరగంట మీకు కనబడడు. ఏడో తరగతి సాంఘికంలో కాకతీయుల పాఠం ఉంది కదా, పాపకు మీరు చెప్పొద్దు. అమ్మ టీచరైతే ఆదివారం కూడా క్లాసేనా అంటారు పిల్లలు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన కోట ఇది అని ఒక్క ముక్క చాలు. మీ మామయ్యకు అక్కడ నచ్చేది తోరణాలు కాకపోవచ్చు. రాతికోటకూ మట్టికోటకూ మధ్య ఇప్పటికీ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. ఆటోను ఆ గట్టు పక్కన ఆపమనండి. ఏ పైరు వేశారో, నీళ్లెట్లా పారుతున్నాయో చూస్తూ ఆయన ఎంతసేపైనా నిలబడతారు.

అక్కడ పూజ జరిగే శివాలయం కూడా ఒకటుంది, దానిలోకి పోకుండా ఉంటే సరిపోతుందని నా లెక్క. కానీ లెక్క నాది కాకూడదు. బయలుదేరే ముందే ఆయన్ను అడగండి. "మామయ్యా, అక్కడ కూలిపోయిన గుడి రాళ్లున్నాయి, పోవచ్చా?" అని అడిగితే, పోవచ్చన్నా వద్దన్నా ఆయన మాటకు ఇంట్లో విలువ ఉన్నట్టు. అడక్కుండా తీసుకుపోతే గేటు దగ్గర ఆగిపోతారు, మళ్లీ పంచాయితీ.

వేయిస్తంభాల గుడి విషయంలో నాకు కొంచెం తటపటాయింపుగా ఉంది. 1163లో రుద్రదేవుడు కట్టించినది, శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ మూడు గర్భగుళ్లు. ఏళ్ల తరబడి విప్పదీసి పెట్టిన కళ్యాణమండపం రాళ్లను మళ్లీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. మీ బాబు వయసు పిల్లలకు ఆ నల్ల నంది నునుపు చేత్తో తడిమి చూడటమే పెద్ద వేడుక. కానీ అది నిత్యపూజలున్న గుడి. కొడుకు, కోడలు కూడా ఏడాది దాకా పోకూడదని మీ మామయ్య నమ్మకమైతే ఆగిపోవడమే మంచిది. ఆషాఢం ఎంతో దూరం లేదు, గుడి ఎనిమిది వందల అరవై ఏళ్లకు పైగా అక్కడే ఉంది. పద్మాక్షి గుట్ట మీదా గుడే కాబట్టి అదీ అప్పటికే పెట్టుకోండి. అక్కడ 1117 నాటి శాసనం చెక్కిన నల్లరాతి స్తంభం ఉంది. ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ జైన బసది (జైనుల గుడి) కట్టించిన సంగతి అందులో ఉంది. ఊరంతా రాజుల పేర్లే వినిపించే చోట ఒక ఇల్లాలి పేరు రాతికెక్కింది చూశారా! సంవత్సరీకం అయ్యాక పాపను మీరొక్కరే తీసుకుపోండి ఆ గుట్టకు, మగవాళ్లెవరూ లేకుండా.

కొత్తవాడకు శనివారం పోతే మగ్గాలు చూడొచ్చు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేసేది ఎక్కువగా అక్కడే. ఇళ్లలోనే మగ్గాలు, అడిగి లోపలికి పోవాలి. చూసి ఊరికే వచ్చేయకుండా చిన్న ఆసనమైనా కొనండి. నా పెళ్లికి మా బాపు కొన్న కొత్తవాడ జంపఖానా అంచులు పోయి కూడా ఇంకా మా ఇంట్లో పరుస్తున్నాం. మనవళ్లు దాని మీదే పాకారు.

వడ్డేపల్లి చెరువు కట్ట పొద్దుటి నడకకు బాగుంటుంది. భద్రకాళి కట్టకు మళ్లీ పోతే సాయంత్రం పోండి. 2024 చివర్లో పూడిక తీయడానికి చెరువును ఖాళీ చేశారు, ఆ ముచ్చట మీ మామయ్యతో చెప్పి చూడండి, పూడిక మట్టి పొలానికి ఎంత మంచిదో ఆయన చెప్పడం మొదలుపెడతారు. సాయంత్రాలకే ఇంకొకటి, కాళోజీ కళాక్షేత్రం. 2024 నవంబరులో తెరిచారు, ఏ రోజు ఏం కార్యక్రమం ఉందో కనుక్కొని పోవాలి. జూ సంగతి మీ బాబుకే వదిలేస్తున్నా.

ఎనుమాముల మార్కెట్‌ను కావాలనే ఆఖరికి ఉంచాను. ఇప్పుడు మిర్చి సీజను, యార్డంతా ఎర్రగా పరిచి ఉంటుంది. నలభై ఏళ్లు మిరప పండించిన మనిషి ఇంత దగ్గర్లో ఉండి ఈ సీజనులో యార్డు చూడకపోవడమంటే పెళ్లివారింటి పక్కన ఉపవాసం ఉన్నట్టే. చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి ఆయనకు ఎవరైనా చెప్పారా? టమాటాలా గుండ్రంగా, ఎర్రగా, కారం తక్కువగా ఉండే ఆ మిర్చి మన దిక్కుదే. ఆయనా వేసి ఉంటారు. చిక్కేమిటంటే యార్డుకు మామూలుగా శని, ఆదివారాలు సెలవు. అంటే మీ ఆయన ఒక సోమవారం లీవు పెట్టాలి. తండ్రిని బండి మీద ఎక్కించుకొని ఒక్క పూట పోయిరావాలి. ఒక రోజు లీవు పోతుంది, నిజమే. కారు మాట్లాడుకొని లక్నవరం పోయే ఖర్చుతో చూస్తే అది పెద్ద నష్టం కాదు. బాబును మాత్రం పంపకండి, ఆ ఘాటుకు దగ్గీ దగ్గీ అలసిపోతాడు. ఆయన లీవు దొరకదంటే పాపతో ఇంకో పని చేయించొచ్చు. రోజూ సాయంత్రం యార్డులో మిర్చి ధర ఎంత పలికిందో ఫోన్‌లో చూసి తాతకు చదివి వినిపించమనండి. తేజ ఎంత, వండర్‌హాట్ ఎంత, చపాట ఎంత. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది.

ఈ చోట్లు ఎవరు ఎంచాలి, ఎవరు తీసుకుపోవాలి అన్నదే అసలు చిక్కు. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి, మూడింటికీ ఖర్చుంది.

ఇప్పటిలాగే మీరే అంతా చూసుకోవడం ఒకటి. వేళ మార్చి, పొద్దున్నే పోతే ఇప్పటికంటే బాగానే జరుగుతుంది. గొడవలు తగ్గుతాయి. కానీ ఆదివారం మీకు ఆరో పనిదినం తర్వాత ఏడో పనిదినం అవుతుంది. ఆ రెండు గంటల నిద్ర దొరకదు.

రెండోది, జతలుగా విడిపోవడం. శనివారం పొద్దున తాతామనవలు, సాయంత్రం తండ్రీబిడ్డలు, అలా. ఆదివారం పొద్దున ఎవరికి కుదిరితే వాళ్లు. దీనివల్ల మీ ఆయన నొచ్చుకోవచ్చు. వారంలో ఐదు రోజులు ఇంటికి దూరంగా ఉండే మనిషికి "అందరం కలిసి" అన్న మాట మీద ఎందుకంత పట్టో ఆలోచించండి. మాల్ మీద మోజు కాదది. తను లేని ఐదు రోజుల బాకీ రెండు రోజుల్లో తీర్చేయాలనే ఆత్రం. అందుకే కలిసి చేసే పని ఒకటి వారానికి తప్పకుండా ఉండనివ్వండి, కానీ అది బయట తిరగడమే కానక్కర్లేదు. ఆదివారం రాత్రి డాబా మీద జంపఖానా పరిచి ఐదుగురూ సర్వపిండి తిన్నా కలిసి ఉన్నట్టే. సర్వపిండి ఆయన్నే గిన్నెకు తట్టమనండి. మాడితే మాడింది.

మూడోది, ఒక వారం మీరు, ఒక వారం ఆయన, ఒక వారం పాప ఇంటి పెత్తనం తీసుకోవడం. ఎవరి వారం వాళ్లే చోటు చెప్పాలి, టిఫిన్ సంగతి చూడాలి, ఆటో పిలవాలి. ఇది చెప్పినంత సులువు కాదు. ఆయన వారం రాగానే ఏమీ చేయకుండా ఆదివారం గడిచిపోవచ్చు. పాప వారం వస్తే "ఇంట్లోనే ఉందాం" అనొచ్చు. అప్పుడు మీ చేతులు ఊరుకోవు, లేచి ఏదో ఒకటి సర్దేస్తారు. అలా సర్దారంటే పెత్తనం మళ్లీ మీకే వచ్చి పడుతుంది. ఒకటి రెండు ఆదివారాలు ఖాళీగా, విసుగ్గా గడిచినా చూస్తూ కూర్చునే ఓపిక మీకుంటేనే ఈ దారి పట్టండి. లేకపోతే రెండోదే మేలు.

రామప్ప, లక్నవరం మాట పూర్తిగా కొట్టేయొద్దు. 1213 నాటి రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, పిల్లలు చూడాల్సిందే. అయితే ప్రతివారం కారు కాకుండా, వానలు పడ్డాక ఒకసారి పెట్టుకుంటే ఎండ బాధ ఉండదు, చెరువులు నిండి ఉంటాయి, మీ సంవత్సరీకమూ అయిపోతుంది. "వద్దు" అంటే ఆయనకు తన మాట తీసేసినట్టుంటుంది. "శ్రావణంలో పోదాం" అనండి, తేదీ కూడా ఆయన్నే చెప్పమనండి.

ఇవన్నీ శుక్రవారం రాత్రి మొదలుపెట్టకండి. రైలు దిగి వచ్చిన మనిషికి ఏ మాటైనా ఫిర్యాదులాగే వినిపిస్తుంది. శనివారం టిఫిన్ అయ్యాక, మామయ్య వినేట్టుగా కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. "మీరు ఉన్న రెండు రోజులూ నేను వంటింట్లోనే ఉంటున్నా" అని చెప్తే ఆయనకు చప్పున అర్థమవుతుంది. "ఎప్పుడూ నా మీదే వేస్తారు" అంటే వాదన మొదలవుతుంది. రెండూ ఒకే సంగతి, కానీ మొదటిదానికి ఆయన దగ్గర ఎదురు జవాబు ఉండదు.

మీ అత్తమ్మ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. మా అత్తగారు నా దగ్గర ఉన్న రోజుల్లో నేనూ ఆమెను ప్రతి ఆదివారం ఎక్కడికో ఒక చోటికి తీసుకుపోయేదాన్ని, మామగారు పోయిన దుఃఖం మరిపించాలని. ఆమె కాదనేది కాదు. చాన్నాళ్లకు ఒకరోజు "నన్ను ఆ కూరగాయల అంగడిలో దింపు బిడ్డా, చాలు" అన్నది. అంగడిలో వంకాయలు ఏరుతూ, ఆయనకు ఏ వంకాయ ఇష్టమో నాకు మొదటిసారి చెప్పింది.

ఈ ఉగాది మీకు పండుగ లేదు కాబట్టి ఆ పూట ఇల్లు బోసిగా ఉంటుంది. పిల్లలు కాముని పున్నమికి కూడా ఊరుకున్నారేమో. భక్ష్యాలు చేయకపోయినా, పొద్దున్నే మామయ్యను పిల్లలతో కలిపి ఊరి బయటికి పంపండి. మోదుగుపూలు రాలిపోకముందే చూపిస్తారు, దొరికితే నాలుగు వేపపూత కొమ్మలు తెస్తారు. ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలకు మధ్యాహ్నాలు ఖాళీయే, కానీ ఎండలో తిప్పొద్దు.

మీ రెండు గంటల నిద్ర సంగతి. "నాకంటూ ఏమీ వద్దు" అని రాసి, వెంటనే అది అడిగారు. ముందు దాన్నే ఖాయం చేసుకోండి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవచ్చు. ఆదివారం రెండు నుంచి నాలుగు దాకా గది తలుపు వేసి ఉంటుందని శనివారమే అందరికీ చెప్పేయండి. కారణం చెప్పక్కర్లేదు. మొదటి వారం బాబు రెండుసార్లు తలుపు కొడతాడు. మీరు లేవకండి, ఇంట్లో వాళ్ల నాన్న ఉన్నాడు.

ఏప్రిల్ వచ్చేసరికి రోడ్ల పక్కన తాటిముంజలు మొదలవుతాయి. వాటికి పాపనూ తాతనూ పంపండి, గంటన్నర పట్టినా సరే. లేతవేవో, ముదురువేవో ఆయన్నే ఏరనివ్వండి.